చింతపల్లి కొండకు తుపాను కబురు

నర్సీపట్నంలో బస్సెక్కేటప్పుడు చొక్కా చెమటకు వీపునంటుకుని ఉంటుంది. డౌనూరు దాటి ఘాట్‌ రోడ్డు అందుకున్నాక మలుపు మలుపుకీ గాలి చల్లబడుతుంది. అప్పటిదాకా కిటికీ పక్కన సీటు కోసం పోటీ పడ్డవాళ్లే అద్దాలు మూసేస్తారు. లంబసింగి చేరేసరికి దుప్పటి కప్పుకున్న మనుషులూ, రోడ్డు పక్కన నెగళ్లూ, పొగలు కక్కే టీ గ్లాసులూ కనిపిస్తాయి. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. ఆరుబయట నిలబడితే కర్రలా బిగుసుకుపోతారని దాని అర్థమట. అక్కణ్నుంచి ఇంకాస్త ముందుకెళ్తే చింతపల్లి.

చలికాలం వచ్చిందంటే పేపర్లో ఈ ఊరి పేరు కనపడని రోజుండదు. ‘చింతపల్లిలో ఇంత, లంబసింగిలో అంత’ అంటూ వచ్చే డిగ్రీల లెక్క చూసే జనం వారాంతాల్లో కార్లేసుకుని కొండెక్కుతారు. చెరువులవేనం మీద నిలబడి కాళ్ల కింద పరుచుకున్న మబ్బుల్ని ఫొటోలు తీసుకుంటారు. తాజంగి జలాశయం చూసుకుని సాయంత్రానికి దిగిపోతారు. కానీ ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఆకాశం అంటే ఫొటో కాదు. కళ్లంలో ఆరబోసిన కాఫీ గింజలు, కోతకొచ్చిన వరి, పూతమీదున్న వలిసె, కొండవాలున కట్టుకున్న ఇల్లు... అన్నీ ఆ ఆకాశం దయమీదే ఆధారపడి ఉంటాయి. ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అది పంట ఇంటికొచ్చే కాలం. బంగాళాఖాతంలో తుపాన్లు లేచే కాలం కూడా అదే.

సముద్రం ఎక్కడ, చింతపల్లి ఎక్కడ అనిపించవచ్చు. విశాఖపట్నం నుంచి గీత గీస్తే ఈ ఊరు సుమారు 90 కిలోమీటర్లే. తుపానుకు ఆ దూరం కొన్ని గంటల ప్రయాణం.

ఒకే ఏడాది... రెండు కథలు

ఘాట్‌ రోడ్డుకో చరిత్ర ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి దారి వేసేటప్పుడు బ్రిటిష్‌ అధికారులు గిరిజనులతో వెట్టిచాకిరీ చేయించుకున్నారు. కూలి సరిగా ఇవ్వలేదు. మన్యంలో రగిలిన కోపానికి ఆ రోడ్డూ ఒక కారణమే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన దళంతో వచ్చి దాడిచేసిన తొలి పోలీస్‌స్టేషన్‌ చింతపల్లిదే. తుపాకులూ తూటాలూ పట్టుకెళ్లారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఇప్పుడు చింతపల్లి ఆయన పేరుతో 2022లో ఏర్పడిన జిల్లాలోనే ఉంది.

సరిగ్గా ఆ 1922లోనే ఇంగ్లండ్‌లో ఒక పుస్తకం అచ్చయింది. రాసినాయన లూయిస్‌ ఫ్రై రిచర్డ్‌సన్‌. వాతావరణాన్ని లెక్కలు కట్టి ముందే చెప్పొచ్చన్నది అందులోని సారాంశం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్‌ నడుపుతూ, దొరికిన తీరికలో ఆయన ఈ లెక్కలు చేశాడు. ఆరు గంటల వాతావరణాన్ని కాగితం మీద లెక్కగట్టడానికి దాదాపు ఆరు వారాలు పట్టింది. తీరాచూస్తే సమాధానం తప్పు! ఆరు గంటల్లో గాలి పీడనం 145 మిల్లీబార్లు మారుతుందని తేలింది. నిజానికి ఆరోజు బారోమీటర్‌ కదిలిందే తక్కువ.

అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. పెద్ద గుండ్రటి హాల్లో 64,000 మంది కూర్చుని ఒక్కొక్కరూ భూమ్మీద తమ వంతు ముక్కకు లెక్కలు చేస్తే, వాతావరణం కన్నా ముందు పరిగెత్తొచ్చని ఊహించాడు. లెక్కలు చేసేవాళ్లను ఆ రోజుల్లో ‘కంప్యూటర్లు’ అనే పిలిచేవారు. ఆయన ఊహించిన ఆ హాలు ఎవరూ కట్టలేదు. ఆ పని చేసే యంత్రం మాత్రం వచ్చింది. 1950లో అమెరికాలో ఎనియాక్‌ అనే కంప్యూటర్‌ తొలిసారి వాతావరణాన్ని లెక్కగట్టింది. 24 గంటల తర్వాత ఏం జరుగుతుందో చెప్పడానికి దానికి పట్టిన సమయం కూడా ఇంచుమించు 24 గంటలే!

గాలికి గళ్లు గీస్తే...

ఇప్పటి కంప్యూటర్‌ మోడళ్లూ రిచర్డ్‌సన్‌ చూపిన దారిలోనే నడుస్తాయి. భూమి మొత్తాన్నీ చదరంగం బల్లలా గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడి మీదా ఆకాశంలోకి పొరలు పొరలుగా డబ్బాలు పేర్చినట్టు ఊహించుకుంటారు. ఒక్కో డబ్బాలో గాలి ఎటు వీస్తోంది, ఎంత వేడి, ఎంత తేమ, పీడనం ఎంత అన్న అంకెలు నింపుతారు. పక్క డబ్బాలో వేడి పెరిగితే ఈ డబ్బాలో గాలి ఎటు కదలాలో చెప్పడానికి భౌతికశాస్త్ర సూత్రాలున్నాయి. వాటితో కొన్ని నిమిషాల తర్వాత పరిస్థితిని లెక్కిస్తారు. ఆ జవాబుతో మరికొన్ని నిమిషాల ముందుకు. అలా అడుగులో అడుగేసుకుంటూ పది రోజుల దాకా వెళ్తారు.

ఆ డబ్బాల్లో మొదట నింపే అంకెలు ఉపగ్రహాలు, ఓడలు, సముద్రంలో తేలే బోయలు, విమానాలు, రాడార్ల నుంచి వస్తాయి. విశాఖపట్నం లాంటి చోట్ల రోజుకు రెండుసార్లు ఎగరేసే బెలూన్లూ పంపుతాయి. ఇక్కడే ఒక చిక్కుంది. 1961లో ఎడ్వర్డ్‌ లోరెంజ్‌ అనే అమెరికా శాస్త్రవేత్త కంప్యూటర్‌లో 0.506127 అని ఇవ్వాల్సిన చోట 0.506 అని ఇచ్చి కాఫీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వాతావరణం లెక్క పూర్తిగా వేరే దారి పట్టింది. మొదట్లో జరిగే ఆవగింజంత తేడా చివరికి కొండంతవుతుందని అలా తెలిసింది.

అందుకే ఇప్పుడు మోడల్‌ను ఒక్కసారి నడిపి ఊరుకోరు. మొదటి అంకెల్ని కాస్త కాస్త మార్చి పదులసార్లు నడుపుతారు. అన్ని జవాబులూ ఒకే చోటును చూపిస్తే నమ్మకం ఎక్కువ. తలోదిక్కూ చూపిస్తే తక్కువ. టీవీలో తుపాను ముందు గరాటాలా విచ్చుకుంటూ కనిపించే బొమ్మ కూడా అంచనాలోని అనిశ్చితినే చూపిస్తుంది. తుపాను కేంద్రం ఆ గరాటాలో ఎక్కడికైనా వెళ్లే అవకాశం ఎక్కువని దాని అర్థం.

మనదేశంలో ఈ లెక్కలకోసం 1988లో ప్రత్యేకంగా ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది. దానికి అమెరికా నుంచి క్రే సూపర్‌కంప్యూటర్‌ తెప్పించారు. 2018లో పుణెలో ‘ప్రత్యూష్‌’, నోయిడాలో ‘మిహిర్‌’ వచ్చాయి. 2024లో ‘అర్క’, ‘అరుణిక’ జతయ్యాయి. అమెరికావాళ్లు తమ హరికేన్ల కోసం తయారుచేసుకున్న మోడల్‌నూ మనవాళ్లు బంగాళాఖాతానికి తగ్గట్టు మలుచుకున్నారు. అక్కడ హరికేన్‌ అన్నా, ఇక్కడ తుపాను అన్నా సరుకు ఒకటే మరి.

హుద్‌హుద్‌ నేర్పిన పాఠం

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పది వేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పటికి తుపానును ఉపగ్రహం ఫొటోల్లో చూడటం తెలుసు కానీ, ఏ ఊరిమీదకు ఎప్పుడొస్తుందో నాలుగు రోజుల ముందు లెక్కగట్టే సాధనం లేదు. ఆ మాట ఊరూరా చేర్చే ఏర్పాటూ అంతంతే.

2014 అక్టోబరుకు పరిస్థితి మారిపోయింది. అండమాన్‌ సముద్రంలో 6వ తేదీన అల్పపీడనం. 8న తుపాను. ఒమన్‌ ఇచ్చిన పేరు హుద్‌హుద్‌, ఒక పిట్ట పేరు. అప్పటికే మోడళ్లు వేలు చూపించడం మొదలుపెట్టాయి. 12వ తేదీన ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా మధ్య తీరం దాటుతుందన్నాయి. తర్వాతి రోజుల్లో ఆ వేలు విశాఖపట్నం మీద ఆగింది. లక్ష మందికి పైగా జనాన్ని ముందే తీరం నుంచి తరలించారు. 12వ తేదీ మధ్యాహ్నం హుద్‌హుద్‌ విశాఖలోనే తీరం దాటింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఊరూవాడా గుండు గీసినట్టయ్యాయి. తుపానును కనిపెట్టుకుని ఉన్న విశాఖ రాడారే దెబ్బతింది! నష్టం 21 వేల కోట్ల రూపాయలకు పైమాటేనని రాష్ట్ర ప్రభుత్వం లెక్కగట్టింది. ప్రాణనష్టం మాత్రం దివిసీమ నాటితో పోలిస్తే ఎంతో తక్కువ. లెక్కలు ప్రాణాలు కాపాడటం అంటే ఇదే.

కథ అక్కడితో అయిపోలేదు. టీవీలన్నీ బీచ్‌రోడ్డును చూపిస్తున్న సమయంలో హుద్‌హుద్‌ వాయవ్యంగా తిరిగి తూర్పుకనుమలు ఎక్కింది. మన్యంలో కాఫీ ఎండకు ఓర్చుకోదు. అందుకే నీడకోసం సిల్వర్‌ ఓక్‌ చెట్లు పెంచుతారు. వాటికి మిరియాల తీగలు పాకిస్తారు. నిటారుగా ఎదిగే ఆ చెట్లు పెనుగాలికి తట్టుకోలేకపోయాయి. విరిగి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. తుపాను దారికి దగ్గరగా ఉన్న అనంతగిరి, అరకు వైపు దెబ్బ గట్టిగా తగిలింది. కాఫీ మొక్క నాటాక కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. నీడచెట్టు మళ్లీ ఎదగడానికి అంతకన్నా ఎక్కువ. ఒక్క మధ్యాహ్నం వీచిన గాలి కొన్ని కుటుంబాల ఏళ్ల కష్టాన్ని నేలకేసి కొట్టింది. హుద్‌హుద్‌ తడి అక్కడితోనూ ఆగలేదు. రెండు రోజుల తర్వాత నేపాల్‌ హిమాలయాల్లో మంచు తుపానై కురిసి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది.

తీరం దాటడమంటే తుపాను అయిపోవడం కాదు. కొండమీది వాళ్లకు అది మొదలు.

గడిలో పట్టని ఘాట్‌

ఇంత కచ్చితంగా తీరాన్ని చూపించిన మోడల్‌ కొండను ఎందుకు అంత బాగా చూపించలేదు? దీనికి జవాబు మళ్లీ ఆ ఘాట్‌ రోడ్డులోనే ఉంది. నర్సీపట్నం సముద్రమట్టానికి వంద మీటర్లలోపే. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. రెంటి మధ్యా గీత గీస్తే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. గడి వెడల్పు 12 కిలోమీటర్లయితే ఈ మొత్తం ఎత్తూ రెండే గళ్లలో అయిపోతుంది. ఒక గడికి ఒకే ఎత్తు, ఒకే వాన, ఒకే వేడి. బస్సు తిరిగిన మలుపులూ, లోయలూ, గెడ్డలూ అన్నీ కలిసిపోయి మోడల్‌ కంటికి అదొక నున్నటి దిబ్బ. సముద్రం మీంచి వచ్చే తడిగాలి ఏ కొండకు కొట్టుకుని పైకి లేస్తుందో ఆ వాలున వాన దంచికొడుతుంది. అవతలి వాలున చినుకే ఉండకపోవచ్చు. ఈ తేడా గడిలో పట్టదు.

అందుకే గళ్లను చిన్నవి చేసే పని సాగుతూనే ఉంది. 2025 మేలో మొదలైన ‘భారత్‌ ఫోర్‌కాస్ట్‌ సిస్టమ్‌’లో గడి వెడల్పు 6 కిలోమీటర్లు. అంటే పాత గడి ఒకటి ఇప్పుడు నాలుగైంది. ఈమధ్య కృత్రిమ మేధ మోడళ్లూ రంగంలోకి దిగాయి. అవి సూత్రాలతో పనిలేకుండా, గడిచిన నలభై ఏళ్ల వాతావరణాన్ని నెమరేసుకుని నిమిషాల్లో జవాబు చెబుతాయి. తుపాను దారి చెప్పడంలో గట్టివే. ఏ వాలున ఎంత వాన అన్న ప్రశ్నకు వాటికీ తడబాటే.

దారి అంచనా మెరుగైనంతగా బలం అంచనా మెరుగవలేదు. ఇరవై ఏళ్ల కిందట ఒకరోజు ముందు చెప్పిన దారిలో సగటు తేడా 140 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడది 80కి దిగింది. కానీ 2021 డిసెంబరులో ‘జవాద్‌’ వస్తోందని ఉత్తరాంధ్ర అంతా గుండెలు చిక్కబట్టుకుంటే, అది తీరం దాకా రాకుండానే నీరసించిపోయింది. ఇలాంటివి రెండు జరిగితే మూడోసారి జనం పెదవి విరుస్తారు. ఆ మూడోది నిజమైతేనే ముప్పు.

వాన ఆగినా వదలని భయం

కొండల్లో గాలికన్నా భయం వానకు. 2018 అక్టోబరు 11న ‘తిత్లీ’ శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. గాలికి కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత ఒడిశాలోని గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఒక్క బారాఘరా ఊళ్లోనే పదిమందికి పైగా చనిపోయారు. తుపాను తీరం దాటి వెళ్లిపోయిందని ఊపిరి పీల్చుకునే వేళ అది.

అంత దూరం ఎందుకు? చింతపల్లి పక్కనే గూడెంకొత్తవీధి మండలం. 2024 సెప్టెంబరులో అక్కడ చట్రాపల్లిలో రాత్రివేళ కొండచరియలు ఇళ్లమీదకు జారి ప్రాణం తీశాయి. అది తుపాను కూడా కాదు, ఒడిశా తీరం వైపు వెళ్లిన వాయుగుండం. పేరు లేని వాన. రోజుల తరబడి నానిన కొండ ఎప్పుడు జారుతుందో ఏ మోడలూ గడియారం చూసి చెప్పలేదు. ‘రెండు రోజులు భారీ వర్షం’ అని మాత్రం చెప్పగలదు. ఆ మాట వినపడ్డ రాత్రి వాలుకింద ఇంట్లో పడుకోవాలా, ఊళ్లో బడికి వెళ్లాలా అన్నది నిర్ణయించుకోవాల్సింది ఇంటివాళ్లే. మాట వాళ్లదాకా రావడమే ముఖ్యం.

కళ్లం దాకా కబురు

చింతపల్లిలో ఆచార్య ఎన్‌.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. చలికాలంలో పేపర్లకెక్కే డిగ్రీలు ఇక్కడివే. రాజ్‌మా, అల్లం, పసుపు, వలిసె మీద పరిశోధనలు చేసే ఈ స్థానమే గిరిజన మండలాల రైతులకు వాతావరణ సలహాలూ తయారుచేస్తుంది. వాతావరణశాఖ మోడళ్ల నుంచి అయిదు రోజుల అంచనా వస్తుంది. మంగళ, శుక్రవారాల్లో దాన్ని పంటల భాషలోకి మారుస్తారు. ‘ఇన్ని మిల్లీమీటర్లు’ అన్న అంకె కొండరైతుకు అంతగా పనికిరాదు. ‘కోసిన వరి పనల్ని కుప్పేయండి, మందు కొట్టడం ఆపండి, గింజల మీద టార్పాలిన్‌ కప్పండి’ అంటే అప్పుడు పనికొస్తుంది.

కాఫీ సంగతే చూడండి. పండు కోసి, తోలు తీసి, కడిగి, కళ్లంలో రోజుల తరబడి ఎండబెట్టాలి. ఎండుతున్న గింజ మళ్లీ తడిస్తే బూజు పడుతుంది, రంగు పోతుంది, ధర పడిపోతుంది. నీడచెట్లను అయిదు రోజుల్లో ఎవరూ కాపాడలేరు. కానీ కళ్లంలో గింజను కాపాడటానికి ఒక్క పూట ముందు కబురు చాలు. పండిన కాయ ముందే కోసుకోవచ్చు. గెడ్డ అవతల ఉన్న పశువుల్ని ఇవతలికి తోలుకోవచ్చు. గాలి తగ్గేదాకా తోటలోకి వెళ్లొద్దని పిల్లలకు చెప్పొచ్చు.

ఆ కబురిప్పుడు ఫోన్లోకి వస్తోంది. 2019లో వచ్చిన ‘మేఘదూత్‌’ యాప్‌లో తెలుగులోనే చదువుకోవచ్చు. అయితే చింతపల్లి సెంటర్లో మోగే ఫోన్‌ కొండ వెనక ఊళ్లో మోగుతుందన్న నమ్మకం లేదు. టవర్లు పెరుగుతున్నా సిగ్నల్‌ అందని పల్లెలు ఇంకా ఉన్నాయి. పెద్ద గాలివానకు మొదట పోయేది కరెంటే. దాని వెనకే టవరూ మూగబోతుంది. సరిగ్గా కబురు కావాల్సిన వేళకు కబురు తెచ్చేది ఉండదు. అందుకే గాలి రాకముందే అది ఊరు చేరాలి. వారపు సంతలో పదిమంది చెవిన పడితే, సాయంత్రానికి పది ఊళ్లు ఎక్కుతుంది. బడి పంతులూ, ఆశా కార్యకర్తా, సంత నుంచి తిరిగెళ్లే జీపు డ్రైవరూ చివరి మలుపుల్లో సూపర్‌కంప్యూటర్‌ కన్నా ఎక్కువే.

రిచర్డ్‌సన్‌ ఊహించిన హాల్లో 64,000 మంది ఉండాలి. ఇప్పుడా లెక్కంతా యంత్రం చేసేస్తోంది. మనుషుల అవసరం మాత్రం తీరలేదు. మొదట్లో కొండమీద ఎంత వాన పడిందో కొలిచి పంపడానికీ వాళ్లే కావాలి, చివర్లో వచ్చిన జవాబును ఇంటింటికీ చెప్పడానికీ వాళ్లే కావాలి. చింతపల్లిలో రోజూ పొద్దున్నే వానకొలమానం చూసి రాసుకునే ఆ ఒక్క అంకె, మోడల్‌ చెప్పింది నిజమో కాదో తేల్చే సాక్షి.

మధ్యాహ్నానికి చింతపల్లిలో మబ్బు పడుతుంది. కళ్లంలో గింజలు తిరగేస్తున్న ఆడవాళ్లు తలెత్తి ఒకసారి కొండవైపు చూస్తారు. తర్వాత ఫోన్‌ వైపు. ఆపైన ఎందుకైనా మంచిదని టార్పాలిన్‌ అంచులు లాగి రాళ్లు పెడతారు. వాన రాకపోతే పోయేదేముంది, రేపు మళ్లీ తీసేయొచ్చు.

వెళ్లాలంటే...

విశాఖపట్నం నుంచి నర్సీపట్నం మీదుగా చింతపల్లికి బస్సులున్నాయి. లంబసింగి దారిలోనే వస్తుంది. చలి, మంచు చూడాలంటే నవంబరు నుంచి జనవరి మంచి కాలం. తుపాన్లూ అప్పుడే కాబట్టి బయల్దేరేముందు వాతావరణశాఖ హెచ్చరిక చూసుకోవాలి. నారింజ, ఎరుపు రంగులు కనిపిస్తే ప్రయాణం మానుకోవడమే మేలు. వాన కురిసిన మర్నాడు కూడా ఘాట్‌లో రాళ్లు జారొచ్చు. కళ్లాల మధ్యలోంచి నడిచేటప్పుడు గింజలు తొక్కకుండా ఉంటే చాలు, అక్కడివాళ్లు మీకు కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు.